ఇంటికో పిడికెడు

మా దౌలత్‌గంజ్‌కి నూరేళ్లు పూర్తయ్యాయి. ఊరంటే మరీ పెద్దదేం కాదు. ధారూర్ దాటి తాండూరు వెళ్లే రైలు మా దగ్గర ఆగీ ఆగనట్టు ఆగి వెళ్లిపోతుంది. అయితేనేం, ఈ చుట్టుపక్కల పండే కందులు చాలావరకు గింజల మార్కెట్ అయిన మా గంజ్‌కే వస్తాయి. ఆ గంజ్‌లో పప్పు మిల్లు ఉన్న ఇంటికి నేను కోడలిగా వచ్చాను. నా పేరు కౌసల్యమ్మ. నాకు నోరెక్కువని ఊళ్లో అంటారు. అననివ్వండి. నోరు తక్కువున్న ఆడవాళ్లు ఈ ఊళ్లో ఏం సాధించారో నాకైతే కనబడలేదు.

నూరేళ్ల పండుగ కమిటీ మా ఇంటి అరుగు మీదే కూర్చుంది. అధ్యక్షుడు మా ఆయన రాధాకిషన్. కార్యదర్శి ఎరువుల దుకాణం సుధాకర్. స్టేషన్ నుంచి గంజ్ దాకా స్వాగత ద్వారాలు, బడి ఆడపిల్లల కోలాటం, బీరప్ప డోళ్లు, ముగ్గుల పోటీలు, మధ్యాహ్నం ఊరందరికీ భోజనాలు. అన్నీ బాగానే ఉన్నాయి. చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేదాన్నే. అంతలో సుధాకర్ భోజనాల సంగతి చదివాడు. వ్యాపారుల కుటుంబాలకు మార్కెట్ హాల్లో బ్రాహ్మణ వంటవాళ్లతో వేరే వంట, మిగతా ఊరికి బయట షామియానా కింద తాండూరు నుంచి వెజ్ బిర్యానీ.

నాకు ఒళ్లు మండింది.

"పండుగ ఊరిదా, రెండు ఊర్లదా?" అన్నాను.

"ఎప్పటి నుంచో గట్లనే గద వదినా. ఎవల పొయ్యి వాళ్లది" అన్నాడు సుధాకర్. అతనికి అందులో తప్పేమీ కనబడలేదు. ఆ మాటకొస్తే అక్కడ కూర్చున్న ఎవరికీ కనబడలేదు.

మా గంజ్‌లో ఒక ఆచారం ఉంది. కొత్త కంది దిగిన రోజున ప్రతి బండి నుంచీ ఒక పిడికెడు ధర్మానికి తీస్తారు. ఏ రైతు, ఏ కులం అని అడగరు. అన్నీ ఒకే కుప్పలో పడతాయి. ఆ కుప్పలో సగం గుడికి, సగం దర్గాకి వెళుతుంది. నాకు అదే తట్టింది. ఆలోచించి మాట్లాడే అలవాటు నాకు ఎటూ లేదు కాబట్టి అక్కడికక్కడే అనేశాను.

"ఇంటికో పిడికెడు కందిపప్పు తీద్దాం. ఒక్క ఇల్లు ఇడవొద్దు. దర్గాల ఉర్సుకు వండే పెద్ద డేగు అడుగుదాం. ఊరంతటికీ గా ఒక్క డేగులనే పప్పు. అందరం ఒక్కటే బంతి. వంట సంగతి నేను సూసుకుంట."

కమిటీ అంతా మా ఆయన ముఖం చూసింది. ఆయన నా ముఖం చూశాడు. నలుగురిలో కాదంటే ఇంట్లో ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. "సరే కానీయ్" అన్నాడు. వాళ్లు వెళ్లాక తాండూరు ఫోన్ చేసి, ఎందుకైనా మంచిదని బిర్యానీ మాత్రం ఖాయం చేసుకున్నాడు. అది నేను విన్నాను. విననట్టు ఊరుకున్నాను.

మర్నాడు నెయ్యి ఇవ్వడానికి ఎంకమ్మ వచ్చింది. ఎంకమ్మది గొల్లగల్లీ. ఆమె భర్త భీమప్పకు గొర్రెలు, రెండు బర్రెలు, కొంచెం చేను. నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ మా ఇంట్లో దీపానికైనా లడ్డూకైనా ఆమె నెయ్యే. నా కాన్పులప్పుడు నా కాళ్లు పిసికింది ఆమే. మా అత్తకీ నాకూ గొడవైతే ఏడ్చింది ఆమె దగ్గరే. ఇంత స్నేహం ఉందా, ఆమె వండిన మెతుకు మాత్రం మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. పాలు తీసుకుంటాం, నెయ్యి తీసుకుంటాం, వండిన అన్నం, కూర మాత్రం తీసుకోం. ఆమెకు చాయ్ వెనక గుమ్మం దగ్గరే ఇస్తాం. ఇదేం చోద్యమని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకొని ఊరుకున్నాను.

"సావుకారమ్మా, ఊర్ల అనుకుంటున్నరు. నిజమేనా?" అంది ఎంకమ్మ, గిన్నె కింద పెడుతూ. "మా ఇంటిది గూడ గా డేగులనే ఏస్తరా?"

"ఏస్త."

"చర్చిగల్లీ రాహేలమ్మ ఇంటిది గూడ?"

"ఏస్త అన్న గదనే. ఎన్నిసార్లు అడుగుతవ్?"

ఎంకమ్మ నవ్వలేదు. "జర సోంచాయించు. ఉడికితే అందరు మంచిగనే అంటరు. ఏమన్న అటుఇటు అయితే మాత్రం మా అసొంటోళ్ల పిడికెడు కలిసినందుకే పాడైందంటరు. గా మాట పడితే మల్ల మేము తల ఎత్తలేం. నీకేం, రేపు మల్ల నీ ఇంట్ల నువ్వు ఉంటవ్."

అంతవరకు ఇది నా పంతం అనుకున్నాను. పణంగా పెట్టింది ఆమె పరువని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక వెనక్కి తగ్గితే నేను కౌసల్యమ్మనే కాదు.

"ఫికర్ జేయకు. పప్పు మిల్లు ఇంటిదాన్ని, పప్పు ఉడకబెట్టరాదా నాకు?" అన్నాను. "నా పక్కన పొయ్యి కాడ నువ్వే ఉండాలె. గంటె నీ చేతిలనే ఉంటది."

ఇక ఊరంతా తిరిగాం. నేను, ఎంకమ్మ, సంచి మోయడానికి మా కోడలు వైశాలి. గంజ్ వీధి, స్టేషన్ వీధి, గొల్లగల్లీ, చర్చిగల్లీ, దర్గా వెనక ఇళ్లు. కొందరు సంతోషంగా ఇచ్చారు. కొందరు ఎవరెవరు ఇచ్చారో అడిగి మరీ ఇచ్చారు. ఒకావిడ, "మాది వేరే సంచిల పోసుకోరాదా?" అంది. "మీరు తినేటప్పుడు వేరే నోటితోని తింటరా?" అన్నాను. తలుపు వేసుకొని, కాసేపటికి మళ్లీ తీసి, పిడికెడు ఇచ్చింది. చర్చిగల్లీలో రాహేలమ్మ బళ్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె డబ్బాలోంచి పిడికెడు తీసి, చేయి సంచి మీద ఆపి, ఎంకమ్మను చూసింది. ఎంకమ్మ తల ఊపింది. అప్పుడు వదిలింది.

ఆ పప్పులో అన్ని రకాలూ ఉన్నాయి. ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి విసుర్రాయిలో విసిరింది, దుకాణంలో కొన్నది, పోయినేటిది, మొన్న నూర్చింది. అయితే అంతా ఈ చుట్టుపక్కల నేలలో పండిందే. మా నేల కంది గురించి నేను చెప్పక్కర్లేదు. నీళ్లు మరిగితే చాలు, అదే మెత్తబడుతుంది.

పండుగ ముందు రోజు మా ఆయన మిల్లు నుంచి ఒక బస్తా పంపించాడు. దాని మీద మా మిల్లు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

"ఇంటికో పిడికెడు అంటిమి గదా, బస్తా ఏంది?" అన్నాను.

"ఊరికి అధ్యక్షుణ్ని నేను, పిడికెడు ఏస్తే ఏం బాగుంటది? పొద్దుగాల ఫోటోలు దిగేటప్పుడు బస్తా ముందల పెట్టు" అన్నాడు.

బస్తా చూసి నాకూ గర్వంగానే అనిపించింది. ఎందుకు అబద్ధం చెప్పాలి? మా ఇల్లు, మా మిల్లు, మా పేరు. కోడలి చేత దానికి పసుపు, కుంకుమ పెట్టించాను. అన్ని ఇళ్ల పప్పునూ చాటలో పోసి చూసినదాన్ని, మా ఇంటి బస్తాలో మాత్రం చేయి పెట్టలేదు.

తెల్లారింది. గంజ్ మైదానం కళకళలాడింది. డోళ్లు మోగాయి. భీమప్ప కొత్త గొంగడి భుజాన వేసుకొని, డోలు కట్టుకొని, పడుచు పిల్లాడిలా ఎగిరాడు. ఆడపిల్లలు కోలాటం వేస్తుంటే ముసలివాళ్లు కూడా అరుగుల మీద కాళ్లు ఆడించారు. దర్గావాళ్లు డేగు బండి మీద తెచ్చి, రాళ్ల పొయ్యి మీద ఎక్కించి ఇచ్చారు. ముందు సంచుల్లోని పప్పు కడిగి పోశాం. ఫోటోలు తీశారు. బస్తా ముందు మా ఆయన నిలబడి, పెళ్లినాడు కూడా నవ్వనంత నవ్వాడు. ఆ సందట్లోనే వైశాలి బస్తా విప్పి, ఆ పప్పు కూడా కడిగి పోసింది. ఎంకమ్మ కొంగు నడుముకు దోపి గంటె పట్టింది. రాహేలమ్మ పక్క పొయ్యిల మీద అన్నానికి ఎసరు పెట్టింది.

నీళ్లు మరిగాయి. పప్పు పొంగింది. వాసన మైదానమంతా కమ్ముకుంది. పని అయిపోయినట్టే అనుకున్నాను. ఎంకమ్మ గంటెతో కొంచెం తీసి నా చేతిలో వేసింది. వేలితో నొక్కి చూశాను. సగం పేస్టులా జారిపోయింది. సగం వేలి కింద గట్టిగా నిలిచింది. పళ్ల కింద వేసుకుంటే కటుక్కుమంది.

"ఇంకా జరసేపు ఉండనీ" అన్నాను. కట్టెలు ఎగదోశాం. వేడినీళ్లు పోశాం. మూత పెట్టి, పైన నిప్పులు కూడా వేశాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది, జనం వచ్చారు, అన్నం వార్చారు, ఆ రాళ్లు మాత్రం మెత్తబడలేదు.

సుధాకర్ వచ్చి చూశాడు. గరిటెలో గింజలు తీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"నేను ముందే అన్న. అందరిది కలిపితే గిట్లనే అయితది. ఏ గల్లీల ఎసొంటి పప్పు తింటరో మనకేం ఎరుక? బిర్యానీ బండి వచ్చి నిలబడ్డది. డేగు వెనక గుంతల పారబోద్దాం. పెద్దమనుషులకు హాల్ల కూసునే ఏర్పాటు చేస్తున్న" అని, మైకు దగ్గరికి నడిచాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు తల ఊపారు కూడా. అప్పటిదాకా ఎంకమ్మ గంటె వదల్లేదు. ఆ మాట వినగానే దాన్ని డేగుకు ఆనించి, కొంగు విప్పుకొని, పొయ్యి దగ్గర్నుంచి దూరంగా వెళ్లి నిలబడింది. నా వైపు చూడలేదు. చూసి, నేను చెప్పలేదా అని ఒక్క మాట అన్నా నాకు అంత బాధ ఉండేది కాదు. రాహేలమ్మ అన్నం గిన్నెల మీద మూతలు సర్దుతూ తల వంచుకుంది.

నేను డేగు మీదికి వంగి, ఉడకని గింజలు చేతిలోకి తీసుకున్నాను. ఒకటి కాదు, గుప్పెడు. కళ్ల దగ్గర పెట్టుకొని చూశాను. అన్నీ ఒకే తీరు. వెడల్పుగా, పాలిపోయి, అంచు పదునుగా. మా నేల పప్పు చిన్నది, గుండ్రంగా ఉబ్బుతుంది. ఇన్ని ఇళ్ల పప్పు ఒకే తీరుగా ఉడక్కుండా ఎలా ఉంటుంది? పొయ్యి పక్కన పడి ఉన్న మా బస్తాను తిరగేసి దులిపాను. కుట్టులో ఇరుక్కున్న నాలుగు గింజలు రాలాయి. పాలిపోయినవి, వెడల్పైనవి. ఓడల మీద ఎక్కడి నుంచో వచ్చింది, చవకగా దొరికితే కొని, దూరం ఊళ్లకు పంపడానికి మిల్లు గోదాములో పడేసిన పాత సరుకు. అది మా వంటింట్లోకి ఏనాడూ రానివ్వలేదు నేను. ఊరి పండుగకు మాత్రం మా ఆయన దాన్నే పంపించాడు. ఇంతమందిలో ఎవరికి తెలుస్తుందిలే అనుకొని ఉంటాడు.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆ గింజల మీద గుప్పిట మూశాను. నోరు మూసుకుంటే చాలు. పప్పు గుంతలో పడుతుంది, బిర్యానీ విస్తళ్లలో పడుతుంది, మా మిల్లు పేరు నిలబడుతుంది. మాట మాత్రం గొల్లగల్లీ మీద, చర్చిగల్లీ మీద పడుతుంది. ఇంకో నూరేళ్లు ఈ ఊళ్లో ఎవరైనా ఒక పొయ్యి అంటే, ఆనాడు పప్పు ఉడకలేదు గదా అంటారు. దూరంగా నిలబడ్డ ఎంకమ్మను చూశాను. ఆ తర్వాత నేను ఆలోచించలేదు.

వేదిక ఎక్కి సుధాకర్ చేతిలోంచి మైకు లాక్కున్నాను. "వదినా, జర ఆగు" అంటున్నాడు. "నువ్వే జర ఆగు తమ్మీ" అన్నాను. అది కూడా మైకులో ఊరంతా వినబడింది.

"అందరికీ దండం. పప్పు ఉడకలేదు. నిజమే. కానీ ఉడకనిది గొల్లగల్లీ పప్పు గాదు. చర్చిగల్లీ పప్పు గాదు. మీ ఇండ్లల్ల నుంచి తెచ్చిన పిడికెడు ఎప్పుడో ఉడికి ఎన్న తీరుగ మెత్తగ అయింది. ఉడకనిది మా ఇంటి పప్పు. మా మిల్లు బస్తా. మీరు మంచిది ఇచ్చిండ్రు, మేము పాతది పోసినం. ఎవలకన్న అనుమానముంటే వచ్చి సూసుకోండ్రి, గింజలు ఇగో నా చేతుల ఉన్నయ్."

డోళ్లు కూడా ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, నాకు పేరు కూడా తెలియదు, గట్టిగా అంది: "అంటే మా పిడికెడు మంచిదే గదా బిడ్డా!"

"మంచిదే అవ్వా, బంగారం" అన్నాను.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అటు నుంచి ఇటు పాకింది. చప్పట్లు మొదలయ్యాయి. నేను మెట్లు దిగేసరికి మా ఆయన ఎదురొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"నేను తీయలే, మీ బస్తా తీసింది. ఊరి మీద పడే మాటను తెచ్చి మన ఇంటి మీద ఏసుకున్న. మనది పెద్దిల్లు అంటరు గదా. మోస్తది తియ్యండ్రి."

ఆయన విసవిసా మిల్లు వైపు వెళ్లిపోయాడు. ఆపుదామని నాకు అనిపించలేదు. కోపం దిగాల్సిన మనిషికి కాస్త నడక మంచిదే. నేను సరాసరి ఎంకమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"నువ్వు గట్ల మైకుల చెప్తవనుకోలే" అంది.

"ఏడుపు తర్వాత. అక్కడ జనం ఆకలి మీదున్నరు. గిప్పుడు ఏం జేద్దామో చెప్పు."

ఎంకమ్మ ముక్కు తుడుచుకొని, కొంగు మళ్లీ నడుముకు దోపింది. "ఏముంది చేసేటందుకు? పైనున్న మెత్తటిది చారు అయితది. అడుగుకు దిగిన గింజలు వార్చి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ ఏసి తాలింపు పెడితే గుడాలు. నమిలేటందుకు పండ్లున్నోళ్లు నములుతరు, లేనోళ్లు చారు తాగుతరు."

రాహేలమ్మ ఉల్లిగడ్డల బుట్ట తెచ్చేసింది. వైశాలి వెదురు గంపలు పట్టింది. గంజ్ వీధి ఆడవాళ్లు, పట్టుచీరలు కుచ్చెళ్లు ఎగ్గట్టి, ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నారు. అటు చింతపండు పిసికితే ఇటు తాలింపు చిటపటలాడింది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. సుధాకర్ ఏదో అనబోతే అతని చేతిలో నీళ్ల బకెట్ పెట్టాను. పాపం, మంచివాడే, వడ్డించుకుంటూ పోయాడు. బిర్యానీ కూడా బంతిలోకే తెప్పించాను. తిండి పారబోసే బుద్ధి నాకు లేదు. మార్కెట్ హాలుకు మాత్రం తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

స్టేషన్ వీధి మొదలు నుంచి గంజ్ గేటు దాకా ఒకటే బంతి. గంజ్ వీధి పెద్దవాళ్లలో కొందరు లేచి ఇంటికి వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి. ఉన్నవాళ్లే ఎక్కువ. నేను రాహేలమ్మకూ, భీమప్పకూ మధ్య కూర్చున్నాను. ఎంకమ్మ వచ్చి నా విస్తరిలో అన్నం పెట్టి, చారు పోసి, గుడాలు వేసి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది. నేను కలుపుకొని తిన్నాను. నా కళ్లలోంచి నీళ్లు కారాయి. మిరపకాయ ఘాటని చెప్పొచ్చు. కానీ ఎందుకు చెప్పాలి? ఇన్నేళ్లూ ఈ చేతి వంట తినకుండా ఏం పుణ్యం మూటగట్టుకున్నానా అని ఏడుపొచ్చింది.

బంతి సగమయ్యాక చూస్తే మైదానం అంచున మా ఆయన నిలబడి ఉన్నాడు. కోపం దిగిందో, ఆకలి ఎక్కిందో తెలియదు. ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. భీమప్ప మాత్రం తన పక్కనున్న ఖాళీ విస్తరి ముందు చేత్తో దుమ్ము దులిపి, "రా సేటూ, అధ్యక్షుడివి నువ్వు లేకుంటే ఎట్ల?" అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. మా ఆయన అటూ ఇటూ చూశాడు. చెప్పులు విడిచాడు. కూర్చున్నాడు.

ఎంకమ్మ గంప తెచ్చి ఆయన ముందు నిలబడింది. "సేటూ, ఏయన్నా?" అని అడిగింది. బంతిలో ఆ చుట్టుపక్కల చేతులన్నీ ఆగాయి. ఆయన తల ఎత్తలేదు. విస్తరి మాత్రం కొంచెం ముందుకు జరిపాడు.

గుడాలు నోట్లో వేసుకొని నమిలాడు. చాలాసేపు నమిలాడు. మా పాత సరుకు అంత తొందరగా లొంగుతుందా? మింగాక, నీళ్లు తాగి, ఎంకమ్మ వెళ్లిపోతుంటే పిలిచాడు.

"ఎంకమ్మా, ఇంకింత ఎయ్యి."

మా పెళ్లయిన నాటి నుంచి నా చేతి వంటకు ఒక్కసారైనా మారు అడగని మనిషి! నాకు మొదట ఒళ్లు మండింది. ఆ తర్వాత ఎంకమ్మ ముఖం చూశాను. గంప ఒంచి, ఆయన విస్తరి నిండేదాకా వేస్తూనే ఉంది.